కోరంగి చిన్న ఓడ: అది చేసిన పని, అది పోయిన తీరు

(చెన్నైలో కొంతమంది తెలుగువాళ్ళం కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం. మాట్లాడింది చాలావరకు అలాగే ఉంచాను.)

అందరికీ నమస్కారం. శనివారం సాయంత్రం మౌంట్ రోడ్డు ట్రాఫిక్ దాటుకుని ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం.

ఆస్ట్రేలియా ఈశాన్య తీరం నుంచి తూర్పుగా వందల కిలోమీటర్లు సముద్రంలోకి పోతే, పగడపు దిబ్బల మధ్య రెండు చిన్న దీవులు ఉన్నాయి. మనుషులుండరు, సముద్రపు పక్షులు వచ్చి గుడ్లు పెట్టుకుంటాయి. వాటిని కోరింగా దీవులంటారు. మన గోదావరి జిల్లా కోరంగే అది. 1845లో ‘కోరింగా ప్యాకెట్’ అనే ఓడ అక్కడ దిబ్బకు తగిలి పోయింది, అందుకే ఆ పేరు. రెండిట్లో ఒక దీవికి ఆ ఓడ కెప్టెన్ చిల్‌కాట్ పేరు పెట్టారు. అంతకు రెండేళ్ళ ముందు, 1843లో, అదే పేరున్న ఓడ కోరంగి రేవులో తెలుగు కూలీలను ఎక్కించుకుని మారిషస్‌లో దించింది. మారిషస్ తెలుగువాళ్ళు తమ చరిత్ర చెప్పుకునేటప్పుడు ఆ ఓడ పేరు తప్పకుండా చెప్పుకుంటారు. మనం మాత్రం చెప్పుకోము.

కోరంగి అనగానే మనకి గుర్తొచ్చేది ఒక్క తుఫాను. ఉప్పెన వచ్చింది, ఊరు పోయింది, ఓడలు పోయాయి, కథ అయిపోయింది. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది. వంద, రెండు వందల టన్నుల చిన్న ఓడలు తరాల తరబడి ఈ తీరంలో ధాన్యం, ఉప్పు, బట్ట, కలప మోశాయి. మదరాసు నగరం ఆ ధాన్యం తిని బతికింది. అవి ఎలా బతికాయో మనకి పట్టలేదు, ఎలా చచ్చిపోయాయో మాత్రం చెప్పుకుంటాం, అదీ తప్పుగా చెప్పుకుంటాం. కోరంగి ఓడని తుఫాను చంపలేదు. దాన్ని చంపింది ఇసుక, ఆ తర్వాత రైలు. ఈరోజు నేను చెప్పదలుచుకున్నది అదే. ముందు దాని పని గురించి చెప్తాను.

ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లల కోసం ఒకసారి ఊరు ఎక్కడుందో చెప్పాలి. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వసిష్ఠ అని చీలుతుంది కదా. గౌతమి సముద్రంలో కలవబోయే ముందు ఒక పాయ ఉత్తరంగా, కాకినాడ అఖాతం వైపు తిరుగుతుంది. దాని ఒడ్డున కోరంగి, పక్కనే తాళ్ళరేవు, ఇంజరం, ఇంకొంచెం ఇవతల యానాం. ఇంజరంలో ఇంగ్లీషు కంపెనీవాళ్ళు బట్ట కొనేవాళ్ళు, యానాంలో ఫ్రెంచివాళ్ళు. చుట్టూ మడ అడవి. ఎగువ అడవుల్లో కొట్టిన టేకు దుంగలు తెప్పలుగా కట్టి వదిలితే గోదావరే మోసుకొచ్చి దించేది, బండి కూలి లేదు. వడ్రంగులు, కమ్మరులు, తాళ్ళు పేనేవాళ్ళు అందరూ అక్కడే. తూర్పు తీరంలో ఓడను ఒడ్డుకు లాగి, అడుగు చూసి బాగుచేసుకునే చోటు దొరకడం కష్టం. కోరంగిలో అది కుదిరింది. 1802 నాటికే ఎబినేజర్ రోబక్ అనే అతను అక్కడ డాక్ కట్టించాడు, యుద్ధనౌకలు కూడా రిపేరుకి వచ్చేవి.

ఇక ఓడ సంగతి. రకరకాలవి కట్టారు, నాకు ముఖ్యంగా కావలసింది స్కూనర్. పెద్ద ఓడల్లో తెరచాపలు ఓడకి అడ్డంగా కట్టిన దూలాలకి వేలాడతాయి, వెనక నుంచి గాలి కొడితే వాటికి తిరుగులేదు, కానీ గాలి ఎదురైతే వాటి పని కష్టం, పైగా ఆ చాపలు సర్దాలంటే ఎత్తైన తెరచాప కొయ్యలు ఎక్కగలిగినవాళ్ళు చాలామంది కావాలి. స్కూనర్‌కి రెండు కొయ్యలు, చాపలు ఓడ పొడవునా ముందు నుంచి వెనక్కి ఉంటాయి. ఎదురుగాలిలో కూడా ఏటవాలుగా, ఇటొకసారి అటొకసారి తిప్పుకుంటూ ముందుకు పోవచ్చు. చాపల పని చాలావరకు కింద డెక్ మీద నిలబడి తాళ్ళు లాగి చేసుకోవచ్చు. తక్కువ మంది చాలు. చిన్న వ్యాపారికి దీనికంటే కావలసిందేముంది? జీతాలు తక్కువ, తిండి ఖర్చు తక్కువ, లోతు తక్కువ ఉన్న మొగల్లోకి, అంటే నది సముద్రంలో కలిసే చోట్లలోకి కూడా దూరిపోతుంది.

కట్టడం కూడా చూడండి. అడుగు దూలం వేసి, వంపు చెక్కలు నిలబెట్టి, పైన పలకలు కొట్టుకుంటూ వస్తారు. వంపు చెక్కలకి నల్లతుమ్మ వాడేవాళ్ళు. తుమ్మ చెట్టు తిన్నగా పెరగదు, అది మామూలుగా లోపం, ఇక్కడ అదే గుణం, ఎందుకంటే చెట్టులోనే వంపు ఉన్న చెక్క, కోసి వంచిన చెక్కకంటే గట్టిది. మేస్త్రీ చెట్టు చూసి ఇది ఓడలో ఎక్కడ పడుతుందో చెప్పగలగాలి. పలకల సందుల్లో పీచు దట్టించి, గుగ్గిలం నూనెలో కాచి పూస్తారు. అడుగున సున్నం, నూనె కలిపిన పూత, డబ్బున్నవాడైతే రాగి రేకు. ఈ నీళ్ళలో చెక్కని తొలిచేసే పురుగు ఉంది, దానికి ఎరవేసినట్టే అడుగు పూత లేని ఓడ. అందుకే ఏటా ఒకసారైనా ఒడ్డుకి లాగి, అడుగు గీకి, కాల్చి, మళ్ళీ పూయాలి. ఇంత శ్రమ పెట్టి బతికించుకునే వస్తువది. ఇప్పటికీ తాళ్ళరేవు, భైరవపాలెం వైపు వెళితే చెక్క పడవలు కట్టేవాళ్ళు కనిపిస్తారు, వెళ్ళినప్పుడు ఒక పూట ఆగి చూడండి.

ఈ ఓడకి ఒక సంవత్సరం ఎలా గడిచేదో చెప్తాను, నాకు ఇది అన్నిటికంటే ఇష్టమైన భాగం.

బంగాళాఖాతంలో గాలి ఏడాదికి రెండుసార్లు దిక్కు మార్చుకుంటుంది, తీరం వెంట నీటి ప్రవాహం కూడా దానితోపాటే మారుతుంది. ఫిబ్రవరి ప్రాంతం నుంచి నీళ్ళు ఉత్తరంగా నడుస్తాయి, అక్టోబరు తర్వాత దక్షిణంగా. కోరంగి నుంచి మదరాసు రావాలంటే ఈశాన్యపు గాలి కావాలి. కానీ ఆ గాలి మొదలయ్యే అక్టోబరు, నవంబరు నెలలే తుఫానుల నెలలు. కాబట్టి తెలివైన సరంగు, అంటే ఓడ నడిపే పెద్ద, ఆగుతాడు. డిసెంబరు, జనవరికి గోదావరి వైపు కొత్త పంట చేతికొస్తుంది, తుఫానుల భయం తగ్గుతుంది, ఉత్తరపు గాలి మాత్రం ఇంకా ఉంటుంది. సంక్రాంతి వెళ్ళాక ధాన్యం ఎక్కించుకుని బయల్దేరితే పంట, గాలి, ప్రవాహం మూడూ కలిసొస్తాయి. మదరాసులో సరుకు దించి, ఎండలు ముదిరాక దక్షిణపు గాలి పట్టుకుని తిరుగు ప్రయాణం. బర్మా వెళ్ళేవి నైరుతి గాలితో వెళ్ళి, ఈశాన్యపు గాలితో టేకు, బియ్యం తీసుకుని వచ్చేవి. బర్మాలో తెలుగువాళ్ళందరినీ కోరంగీలనే పిలిచారంటే ఆ రేవు నుంచి రాకపోకలు ఎంత ఉండేవో ఊహించుకోవచ్చు. ఏ నెలలో ఎక్కడుండాలో తప్పితే, ఓడ ఏదో ఒక రేవులో నెలల తరబడి పడి ఉండాల్సిందే. తిండి ఖర్చు నడుస్తూనే ఉంటుంది.

ఇక మదరాసు. ఇప్పుడు మనం హార్బరు చూస్తున్నాం కాబట్టి ఇక్కడ ఎప్పుడూ హార్బరు ఉందనుకుంటాం. లేదు. రెండు వందల ఏళ్ళకు పైగా ఈ మహానగరం హార్బరు లేకుండానే వ్యాపారం చేసింది. ఓడ ఒడ్డుకి దూరంగా, ఆరుబయట సముద్రంలో లంగరు వేసి నిలబడాలి. ఒడ్డుకీ దానికీ మధ్య అలలు వరసలు వరసలుగా విరుగుతుంటాయి. మామూలు పడవ ఆ అలల్లో నేలకి కొట్టుకుంటే పగిలిపోతుంది. అందుకే మసూలా పడవలు. వాటిలో ఒక్క మేకు ఉండదు, పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేస్తారు, నేలకి తగిలినప్పుడు పడవ విరగకుండా వంగుతుంది. గంజాం నుంచి వచ్చిన బియ్యం బస్తా అయినా, ఇంగ్లండ్ నుంచి దిగిన గవర్నరు అయినా ఆ కుట్టు పడవలో జాలరుల చేతుల మీదుగా రావలసిందే. ఓడలకి చీటీలు మోసేవాళ్ళు కట్టుమరం తెప్ప మీద వెళ్ళేవాళ్ళు, తడవకుండా తాటాకు టోపీలో కాగితం దాచుకుని. తుప్పు పట్టని, పగలని పడవ కావాలని ఇంజనీర్లని అడిగితే ఏం చెప్పేవాళ్ళో తెలియదు కానీ మన జాలరులు ఎప్పుడో చేసి చూపించారు.

చిన్న స్కూనర్‌కి ఇక్కడ ఖర్చు ఎంతో ఆలోచించండి. రెండొందల టన్నుల బియ్యం కుట్టు పడవల్లో కొద్దికొద్దిగా దించాలి. ప్రతి ట్రిప్పుకీ కూలి. కొన్ని బస్తాలు తడుస్తాయి, కొన్ని మాయమవుతాయి. అలలు పెద్దవైతే పడవలవాళ్ళు రారు, ఓడ ఊగుతూ రోజుల తరబడి ఎదురుచూడాలి, లంగరు తాడు ఒరుసుకుపోతూ ఉంటుంది. ధర ఉన్నప్పుడు సరుకు దిగదు, సరుకు దిగేసరికి పక్క ఓడ వచ్చి ధర పడిపోతుంది. ఆ టెన్షన్ సరంగుకీ, కొత్వాల్ చావడి మార్కెట్‌లో ఎదురుచూసే వ్యాపారికీ ఇద్దరికీ ఉండేది.

అక్టోబరు 15న సెయింట్ జార్జ్ కోటలో జెండా దించేసేవాళ్ళు. అంటే ఇక ఓడలు ఇక్కడ ఉండకూడదని హెచ్చరిక. మళ్ళీ డిసెంబరు 15న ఎగరేసేవాళ్ళు. ఆ రెండు నెలలూ ఉన్నవాడు తన పూచీ మీద ఉన్నట్టే. కానీ తుఫాను అక్టోబరు కోసం ఆగదు. 1872 మే నెల మొదట్లో వచ్చిన తుఫానుకి మదరాసు ముందు నిలబడిన ఓడలు చాలా ఒడ్డుకి కొట్టుకొచ్చి విరిగిపోయాయి.

ఓడ పోవడం అంటే అసలు ఏం జరుగుతుందో చెప్పాలి, ఎందుకంటే మనం దాన్ని సినిమాలో చూసినట్టు ఊహించుకుంటాం. మన తీరం చాలా దూరం తిన్నగా ఉంటుంది, దాక్కోవడానికి వంపు దొరకదు. తుఫాను గాలి తూర్పు నుంచో ఈశాన్యం నుంచో తోస్తే ఓడ ఒడ్డు వైపే పోతుంది. సముద్రంలో లోతు ఉన్నంతసేపు చిన్న ఓడ భయపడక్కర్లేదు, దానికి ప్రమాదం నేలతోనే. అందుకే గాలి మొదలవగానే లంగరు తాడు కోసేసి అయినా సరే లోపలి సముద్రంలోకి పారిపొమ్మనేవాళ్ళు. పారిపోలేకపోతే లంగర్లన్నీ వేస్తారు, అవి ఈడ్చుకుపోతాయి, కొయ్యలు నరికేస్తారు గాలి పట్టకుండా, సరుకు పారేస్తారు. బియ్యం ఓడకి ఇంకో ఘోరం ఉంది. లోపలికి నీళ్ళొస్తే బియ్యం ఉబ్బుతుంది, ఉబ్బిన బియ్యం లోపలి నుంచి పలకల్ని తోస్తుంది, సందులు విడిపోతాయి, ఇంకా నీళ్ళొస్తాయి. ఏ సరుకు అమ్మి ఇల్లు గడుపుకుందామనుకున్నారో ఆ సరుకే ఓడని విడగొడుతుంది.

ఓడ మీద అప్పు పెట్టే పద్ధతి ఒకటి ఉండేది, మదరాసు వ్యాపారులకి బాగా తెలిసినదే. ఓడ క్షేమంగా వస్తే అసలు, పెద్ద వడ్డీ కట్టాలి. ఓడ మునిగితే అప్పు కూడా పోయినట్టే. అంటే అప్పిచ్చినవాడు ప్రమాదానికి ముందే వడ్డీలో ధర కట్టేసుకున్నాడు. ఓడలో పనిచేసే కళాసీ ప్రాణానికి మాత్రం అలాంటి లెక్క ఏదీ లేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. మోటుపల్లి పేరు విన్నారు కదా, ఇప్పటి బాపట్ల దగ్గర, కాకతీయుల రేవు. గణపతిదేవుడు 1244-45 ప్రాంతంలో అక్కడ ఒక శాసనం వేయించాడు. గాలికి కొట్టుకొచ్చి ఒడ్డున పగిలిన ఓడల్లో ఉన్న బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ అంతకు ముందు రాజులు లాక్కునేవాళ్ళు. నేను దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, ప్రాణాలకి తెగించి సముద్రం దాటి వచ్చే వాళ్ళ దగ్గర నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోను అని రాయించాడు. ఎనిమిది వందల ఏళ్ళ కింద తెలుగు నేల మీద ఒక రాజు, ఓడ పోగొట్టుకున్నవాడి బాధని అర్థం చేసుకుని రాతి మీద చెక్కించాడు. నాకు మన చరిత్రలో గర్వంగా అనిపించే వాటిలో ఇది ముందుంటుంది, యుద్ధాలు గెలిచిన శాసనాలకంటే.

సరే, కోరంగి తుఫానులు. 1789 డిసెంబరులో ఒకటి, వరసగా మూడు పెద్ద అలలు వచ్చాయని రాశారు. 1839 నవంబరు 25న ఇంకొకటి, ఉప్పెన 40 అడుగులని చెప్తారు. రెండూ నిజంగా ఘోరమైనవి, సందేహం లేదు. కానీ రెండోదాని గురించి ఎక్కడ చూసినా 20,000 ఓడలు, 3 లక్షల మంది అని ఉంటుంది. నేను ఆ అంకెను నమ్మను. కోరంగి, యానాం, కాకినాడ పాయల్లో ఉన్న చేపల తెప్పలు కూడా లెక్కేసినా ఇరవై వేలు ఎక్కడి నుంచి వస్తాయి? పెద్ద అంకె చెప్తే బాధ పెద్దదవుతుందని కాదు, చిన్న అంకె అయినా చనిపోయినవాళ్ళు మనుషులే. ఆ అంకె వల్ల జరిగిన నష్టం ఏమిటంటే, 1839తో అంతా అయిపోయిందని మనం అనుకున్నాం. అయిపోలేదు. మారిషస్ ఓడ 1843లో బయల్దేరింది. తాళ్ళరేవులో ఆ తర్వాత కూడా దశాబ్దాలపాటు ఓడలు కట్టారు, ఓడలు తిరిగాయి.

మరి ఏం జరిగింది? గోదావరి ప్రతి వరదలోనూ మట్టి, ఇసుక తెస్తుంది. ఆ ఇసుక మొగల దగ్గర పేరుకుని పేరుకుని గట్టు కట్టింది. ఇప్పుడు కాకినాడ ముందు హోప్ ఐలాండ్ అని 16 కిలోమీటర్ల పొడవు ఇసుక తిన్నె చూస్తున్నాం కదా, అది గత రెండు వందల ఏళ్ళలో ఇలా పేరుకున్నదే. దానివల్ల కాకినాడ అఖాతం ప్రశాంతంగా మారింది, కాకినాడ రేవు బతికింది. కోరంగి పాయ మాత్రం పూడుకుపోయింది. పోటు మీద ఉన్నప్పుడు కూడా సరుకుతో ఉన్న ఓడ మొగ దాటలేని స్థితి వచ్చింది. సగం సరుకుతో వస్తే గిట్టదు, బయట నిలబెట్టి పడవల్లో దించుకుంటే మదరాసు ఖర్చే ఇక్కడా. 1860ల్లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి మన పత్తికి గిరాకీ పెరిగినప్పుడు ఆ లాభమంతా కాకినాడకి పోయింది. వడ్రంగులు కూడా పనున్న చోటికి పోతారు కదా.

అదే కాలంలో పొగ ఓడలు. బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు భీమిలి, విశాఖ, కాకినాడ రేవులకి వేళ ప్రకారం వచ్చేవి. గాలి కోసం ఆగవు. వ్యాపారికి ఎప్పుడు సరుకు చేరుతుందో ముందే తెలుస్తుంది, అది స్కూనర్ ఎన్నటికీ ఇవ్వలేనిది. ఆ పైన 1893 నుంచి తూర్పు తీరం రైలు ముక్కలు ముక్కలుగా తెరుచుకుంది, 1899లో బెజవాడ, మదరాసు కలిశాయి, 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి వంతెన పూర్తయింది. అంతే. గోదావరి ధాన్యం రైలెక్కి తడవకుండా మదరాసు వచ్చేసింది. ఇక సంక్రాంతి తర్వాత గాలి కోసం ఎదురుచూడాల్సిన పని ఎవరికీ లేదు.

తమాషా ఏమిటంటే ఆ స్కూనర్ వంద ఏళ్ళు ఏ హార్బరు లేక బాధపడిందో, ఆ హార్బరు మదరాసులో సరిగ్గా దాని పని పోతున్నప్పుడే వచ్చింది. 1875లో పునాది రాయి, 1881 నవంబరు తుఫానుకి కట్టిన గోడలు చాలావరకు కూలిపోయాయి, మళ్ళీ కట్టి 1896కి పూర్తి చేశారు. ఆ గోడలు అడ్డుపడటం వల్లే దక్షిణం నుంచి కదిలొచ్చే ఇసుక ఆగి మెరీనా అంత వెడల్పు అయింది, ఉత్తరాన రాయపురం వైపు సముద్రం ఒడ్డుని కోసేస్తూ వచ్చింది. ఇసుకని పట్టించుకోకుండా ఈ తీరంలో ఏ రేవు కథా అర్థం కాదు.

చిన్న ఓడలు ఒక్కరోజులో మాయమైపోలేదు. పక్కనే శ్రీలంకలో వల్వెట్టితురై తమిళులు 1930లో కట్టిన అన్నపూరణి అమ్మాళ్ అనే ఓడని ఒక అమెరికన్ కొంటే, అది తెరచాపల మీద సముద్రాలు దాటి 1938లో మసాచుసెట్స్‌లోని గ్లూస్టర్ చేరింది. తర్వాతి కాలంలో హాలీవుడ్ నటుడిగా పేరు తెచ్చుకున్న స్టెర్లింగ్ హేడెన్ అక్కడి నుంచి దాన్ని తాహితీ దాకా నడిపాడు. తూత్తుకుడి తోణీలు 1980ల దాకా తెరచాపలతో సరుకు మోశాయి, ఇప్పటికీ ఇంజిన్లతో తిరుగుతున్నాయి. తమిళ మిత్రులు ఆ ఓడ కట్టిన మేస్త్రీ పేరు, ఎక్కిన నావికుల పేర్లు గుర్తుపెట్టుకున్నారు. మనం కోరంగి మేస్త్రీల్లో ఒక్కరి పేరైనా చెప్పగలమా?

చెన్నైలో ఉన్నందుకు మనకి ఒక వీలుంది. ఎగ్మోరులో తమిళనాడు ఆర్కైవ్స్‌లో మదరాసు ప్రభుత్వం పాత కాగితాలు ఉన్నాయి, ఆనాటి పత్రికల్లో ఏ రోజు ఏ ఓడ వచ్చింది, ఏది వెళ్ళింది, కెప్టెన్ ఎవరు, సరుకేమిటి అని వేసేవాళ్ళు. పాత ఇంగ్లీషు చదవడం అలవాటున్నవాళ్ళు ఇక్కడ ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. నెలకి ఒక రోజు కలిసి కూర్చుని, కోరంగి నుంచి వచ్చిన ఓడల పేర్లు ఒక నోటుబుక్కులో రాయడం మొదలుపెడదాం. ఎవరి పూర్వీకులైనా తాళ్ళరేవు, యానాం, ఇంజరం వైపు నుంచి వచ్చి ఉంటే, ఇంట్లో పాత దస్తావేజులో, అప్పు పత్రాల్లో ఓడ వాటా అన్న మాట కనిపిస్తే ఫోటో తీసి తీసుకురండి. నేను బయట టీ దగ్గర ఉంటాను, వచ్చేవాళ్ళు పేరు, నంబరు రాసి వెళ్ళండి. ప్రశ్నలు ఉంటే ఇప్పుడు అడగండి.